హిందీ హీరోయిన్ మారిందా, మేకప్పే మారిందా?

పాతరీలు:
"హిందీలో ఇప్పుడు హీరోయిన్లదే రాజ్యం" అని నిన్న ఒకరు రాశారు. నాకు నమ్మకం కుదరడం లేదు. వహీదా రెహ్మాన్‌నే తీసుకోండి, మన 'రోజులు మారాయి'లో ఏరువాక పాటకి ఆడినావిడ. 1976లో 'కభీ కభీ'లో అమితాబ్‌కి భార్య. 1978లో 'త్రిశూల్' వచ్చేసరికి అతనికే తల్లి! రాఖీ కూడా అంతే. అదే 'కభీ కభీ'లో ప్రేయసి, 1982లో 'శక్తి'లో అమ్మ. అమితాబ్ మాత్రం మూడింట్లోనూ అమితాబే. ఈ లెక్క మారనంత వరకు ఏదీ మారనట్టే.

చల్లారిన కాఫీ:
అవి ఎప్పటి సినిమాలండీ బాబూ! శ్రీదేవి పదిహేనేళ్ల గ్యాప్ తర్వాత 2012లో 'ఇంగ్లిష్ వింగ్లిష్' చేసింది. అందులోనూ అమ్మే, కానీ సినిమా మొత్తం ఆమెదే. న్యూయార్క్ కాఫీ షాపులో కౌంటర్ మనిషి గదమాయిస్తుంటే ఆమె నోట మాట పెగలదు, వెనక క్యూలో వాళ్లకి విసుగు. చివరికి కంగారులో పరుగు. చూస్తున్న మనకే గొంతు పట్టేస్తుంది. అదే ఏడాది 'కహానీ'లో విద్యాబాలన్ నిండు గర్భిణి వేషంలో కోల్‌కతా అంతా తిరిగింది. స్టార్ హీరో ఎవరూ పక్కన లేరు.

పాతరీలు:
ఒక్క ఏడాదిలో రెండు సినిమాలొస్తే రోజులు మారినట్టా? 1935లోనే స్టంట్ హీరోయిన్ నాడియా 'హంటర్‌వాలీ'లో కొరడా పట్టింది. తర్వాత ఏమైంది?

సాయంత్రం షో:
మీరిద్దరూ తెర మీదే చూస్తున్నారు. బయట సంగతి? 1973లో 'బాబీ' వచ్చిన ఏడాదే డింపుల్‌కి పెళ్లయింది, మళ్లీ తెర మీద కనిపించింది 1984లో. ఆలియాకి 2022లో పెళ్లి, పాప కూడా. మరుసటి ఏడాదే 'రాకీ ఔర్ రాణీ'తో హిట్. (షర్మిలా టాగోర్ 1968లో పెళ్లి చేసుకుని 1969లో 'ఆరాధన' ఇచ్చింది, నిజమే. అందరూ షర్మిలలు కారుగా.)

కానీ దీపిక రోజుకు 8 గంటలే పనిచేస్తానందని 2025లో వార్తలు రాగానే ఎంత గోల! చంటిబిడ్డ తల్లి. పెద్ద హీరోలు చాలామంది ఏళ్లుగా 8 గంటలే చేస్తున్నారని ఆమే అంది. వాళ్లనెవరూ అడగలేదేం?

పాతరీలు:
చూశారా, నేననేదీ అదే.

చల్లారిన కాఫీ:
అదొక్కటి ఒప్పుకుంటా. వయసు సంగతి మాత్రం ఒప్పుకోను. మన హైదరాబాదీ టబు 2024లో 'క్రూ' చేసేనాటికి యాభై దాటింది. అందులో ఎయిర్‌హోస్టెస్, ఎవరికీ అమ్మ కాదు. సినిమా ఆడింది కూడా.

పాతరీలు:
2025లో 'సికందర్' చూశారా? సల్మాన్‌కీ రష్మికకీ దాదాపు 30 ఏళ్ల తేడా. టబు పక్కన అంత చిన్న హీరోని పెట్టి లవ్‌స్టోరీ తీయమనండి, అప్పుడు మాట్లాడదాం.

సాయంత్రం షో:
తీశారు సార్. 2020లో 'ఎ సూటబుల్ బాయ్', ఇషాన్ ఖట్టర్‌తో. 24 ఏళ్ల తేడా.

పాతరీలు:
అది సిరీస్ అమ్మా. నేనడిగింది థియేటర్లో.