హష్ మనీకి తెలుగు మాట ఏది?

ప్రశ్న: డొనాల్డ్ ట్రంప్ న్యూయార్క్ కేసు మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. హష్ మనీకి, అంటే గుట్టు బయటపెట్టకుండా ఉండేందుకు ఇచ్చే డబ్బుకు, ‘ముడుపులు’ అని రాస్తే మా సంపాదకులు ‘లంచం’ అని దిద్దారు. కక్షిదారు తన వకీలుతో చెప్పుకున్న మాట రహస్యంగా ఉంచే అటార్నీ క్లయింట్ ప్రివిలేజ్‌కు ‘న్యాయవాది విశేషాధికారం’ అని పెట్టాను. రెండూ నాకు రుచించడం లేదు. పెద్దలు చెప్పగలరు.

మొదటి జవాబు: అమ్మా, లంచం కుదరదు. లంచం పుచ్చుకునేవారి చేతిలో ఏదో ఒక అధికారం ఉండాలి. ఈ కేసులో డబ్బు పుచ్చుకున్న శృంగార చిత్రాల నటి స్టార్మీ డేనియల్స్ చేతిలో ఉన్నది ట్రంప్‌తో తనకు సంబంధం ఉండేదని బయటపెడతానన్న ఒక కథ మాత్రమే. ముడుపు ఒకప్పుడు పసుపు గుడ్డలో కట్టి ఏడుకొండలవాడి కోసం దాచిన మొక్కు. పాపం, అదిప్పుడు కాంట్రాక్టర్ల పాలైంది. నేనైతే ‘నోరు మూయించే సొమ్ము’ అంటాను.

ఇంకో సంగతి. మీరు ఎంచుకునే మాటలో నేరం ధ్వనించకూడదు. గుట్టు దాచమని డబ్బిచ్చి ఒప్పందం రాసుకోవడం అక్కడ దానంతట అది నేరమేమీ కాదు. 2016 అక్టోబరులో, అధ్యక్ష ఎన్నికల పోలింగ్ దగ్గర పడ్డాక, ట్రంప్ వకీలు మైకేల్ కోహెన్ తన ఇంటి మీద అప్పు తెచ్చి స్టార్మీకి 1,30,000 డాలర్లు చెల్లించారు. ఒప్పందంలో అసలు పేర్లే లేవు: ట్రంప్ డేవిడ్ డెనిసన్, స్టార్మీ పెగ్గీ పీటర్సన్! మరుసటి ఏడాది ట్రంప్ వైపు నుంచి కోహెన్‌కు నెలకు 35,000 చొప్పున మొత్తం 4,20,000 డాలర్లు ముట్టాయి. ట్రంప్ కంపెనీ పద్దుల్లో అది వకీలు ఖర్చుగా ఎక్కింది. ఎన్నికల అక్రమాన్ని కప్పిపుచ్చడానికే అలా రాశారని ప్రాసిక్యూషన్ వాదించింది. 11 ఇన్వాయిసులు, 11 చెక్కులు, 12 పద్దులు, వెరసి 34 అభియోగాలు. 2024 మే 30న జ్యూరీ అన్నిటిలోనూ దోషి అంది. 2025 జనవరిలో జైలూ జరిమానా లేకుండానే తీర్పు ముగిసింది. ఆమెతో సంబంధమే లేదంటున్న ట్రంప్ అప్పీలుకు వెళ్లారు.

రెండవ జవాబు: నేను కోర్టులో నల్లకోటు వేసుకునేవాణ్ణి కాబట్టి రెండో మాట గురించి చెబుతాను. విశేషాధికారం అనగానే శాసనసభ్యుల హక్కులు గుర్తొస్తాయి. పైగా ‘న్యాయవాది’ అని ముందు తగిలిస్తే అర్థం తలకిందులవుతుంది. ఈ రక్షణ కక్షిదారు సొత్తు. ఆయన సరేనంటే తప్ప వకీలు నోరు విప్పకూడదు. ‘కక్షిదారు గోప్యతా రక్షణ’ అనండి.

2018 ఏప్రిల్ 9న ఎఫ్‌బీఐ కోహెన్ ఆఫీసునూ ఇంటినీ సోదా చేస్తే, ఆ రక్షణ చచ్చిపోయిందని ట్రంప్ మర్నాడే ట్వీటు చేశారు. నిజానికి చావలేదు. పట్టుకున్న కాగితాల్లో వేటికి రక్షణ ఉందో జల్లెడ పట్టడానికి జడ్జి కింబా వుడ్ ఒక మాజీ జడ్జిని నియమించారు. సలహా కోసం చెప్పుకున్న మాటకే ఆ గొడుగు. వకీలు చేతి మీదుగా నడిచిన ప్రతి బేరానికీ అది పట్టదు.

మన 1872 సాక్ష్య చట్టం 126వ సెక్షన్ ఉదాహరణలు చూడండి, ముచ్చటేస్తుంది. ‘ఫోర్జరీ చేశాను, నా తరఫున వాదించండి’ అంటే వకీలు బయటపెట్టకూడదు. ‘ఈ దొంగ దస్తావేజుతో దావా వేసి ఆస్తి ఇప్పించండి’ అంటే రక్షణ లేదు. మూడోది మరీ పదునైనది: సొమ్ము కాజేశాడన్న కేసు వకీలు చేతికొచ్చాక కక్షిదారు లెక్కల పుస్తకంలో కొత్తగా ఒక పద్దు వెలిసి, అది వకీలు కంటబడితే, అదీ రహస్యం కిందికి రాదు. 2024లో దాని స్థానంలో అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 132వ సెక్షన్లోనూ ఇవే ఉన్నాయి.

మూడవ జవాబు: మాస్టారూ, ‘మూయించే’ అంటే దౌర్జన్యం వినిపిస్తోంది. స్టార్మీ తరఫు వకీలు బేరమాడి పుచ్చుకున్న సొమ్ము కదా అది!

మొదటి జవాబు ఇచ్చినవారు: ఒప్పుకోను. మన వాడుకలో డబ్బు పడేసి నోరు మూయించడమూ ఉంది. అక్కడ పుచ్చుకునేవారి ఇష్టం కలిసే ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు: అదే ఖాయం చేస్తాను. చివరిగా ఒకటి: ట్రంప్‌తో తనకూ సంబంధం ఉండేదన్న కరెన్ మెక్‌డూగల్ కథను నేషనల్ ఎన్‌క్వైరర్ పత్రిక యాజమాన్యం 1,50,000 డాలర్లకు కొని అచ్చు వేయలేదు. దాన్నేమందాం?

రెండవ జవాబు ఇచ్చినవారు: కొని తొక్కిపెట్టారు. కొత్త మాట వెతకకండి.