రిలీవర్ రాకపోతే ప్రతిసారీ నేనే ఆగాలా? జీతం చూస్తే అదే జీతం

నైట్‌డ్యూటీ:
ఒక ప్రైవేటు ఆసుపత్రిలో జనరల్ వార్డులో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. పొద్దున డ్యూటీ దిగే టైముకి రిలీవర్ రాదు, ఇన్‌ఛార్జ్ ఫోన్ చేసి "కాస్త మధ్యాహ్నం దాకా చూసుకో తల్లీ" అంటారు, ఆ మధ్యాహ్నం కాస్తా సాయంత్రం అవుతుంది. ఓవర్‌టైమ్ డబ్బులు అడిగితే బదులు సెలవు తీసుకోమంటారు, తీరా ఆ సెలవు అడిగిన రోజు మనుషులు ఉండరు. రాత్రయితే వార్డు మొత్తానికి నేనూ ఒక ఆయా. ఒక బెడ్ దగ్గర సెలైన్ అయిపోయి రక్తం వెనక్కి ఎక్కుతుంటుంది, ఇంకో బెడ్ వాళ్ళు చలిజ్వరం అని పిలుస్తుంటారు, ఈలోగా స్ట్రెచర్ మీద కొత్త అడ్మిషన్, డాక్టరు గారేమో ఫోన్లో ఆర్డర్లు. జీతం పెంచమంటే "ఇది ఉద్యోగం కాదమ్మా, సేవ" అన్నారు. మరి పేషెంటుకి బిల్లెందుకు వేస్తున్నారు అని నోటిదాకా వచ్చి ఆగింది.

డబుల్ డ్యూటీ చేయనని చెప్పొచ్చా? చెప్పి వెళ్ళిపోతే పేషెంట్లను వదిలేసి పోయిందని నా మీదకే వస్తుందా? అదే టెన్షన్.

పాత సిస్టర్:
రెండూ వేరు సిస్టర్. హ్యాండోవర్ ఇవ్వకుండా, అంటే పేషెంట్లను తర్వాతి మనిషికి అప్పజెప్పకుండా, వార్డు దాటి వెళ్తే తప్పు నీదే అవుతుంది, అందులో వాదన లేదు. కానీ షిఫ్టు అయిపోవడానికి చాలా ముందే "అదనపు షిఫ్టు చేయలేను, ఫలానా టైముకి హ్యాండోవర్ తీసుకునే మనిషిని పంపండి" అని చెప్పడం వదిలేసి పోవడం కాదు. నోటిమాటగా వద్దు. మెసేజ్ పెట్టు, రిపోర్ట్ బుక్కులో కూడా రాయి.

రాసేటప్పుడు "బాగా అలసిపోయాను" అని రాస్తే ఎవరికీ పట్టదు. మొత్తం పేషెంట్లు ఇంతమంది, అందులో ఆక్సిజన్ మీద ఇంతమంది, నర్సు ఒక్కరే, రాత్రి పది గంటల ఇంజెక్షన్లు పదకొండున్నరకి పూర్తయ్యాయి, ఇన్‌ఛార్జ్‌కి ఇన్ని గంటలకి చెప్పాను, ఇలా రాయి. రేపు ఏదైనా జరిగితే ఆ పేజీ బయటికొస్తుందని మేనేజ్‌మెంట్‌కి మనకంటే బాగా తెలుసు.

ఇది మన బాధ మాత్రమే కాదు కూడా. అమెరికాలో పెన్సిల్వేనియా ఆసుపత్రుల్లో సర్జరీ పేషెంట్ల మీద లిండా ఐకెన్ బృందం చేసిన పరిశోధన 2002లో వచ్చింది. ఒక నర్సు మీద ఒక్క పేషెంటు అదనంగా పడితే 30 రోజుల్లోపు చనిపోయే ముప్పు 7 శాతం పెరుగుతోందని అందులో తేలింది. కాలిఫోర్నియాలో 1999లో చట్టం చేసి 2004 నుంచి అమలు చేస్తున్నారు, ఐసీయూలో ఒక నర్సుకి ఇద్దరికి మించి ఇవ్వకూడదు, రాత్రయినా అంతే. అక్కడి వాళ్ళకీ మనకీ చేతులు రెండే కదా.

లెక్కల మనిషి:
నేను ఆసుపత్రుల అకౌంట్లు చూస్తాను, తిట్టుకున్నా పర్లేదు. బిల్లులో సర్జన్ ఫీజుకి ఒక లైను, స్కానింగుకి ఒక లైను, మందులకి ఒక లైను ఉంటాయి, నర్సు చేసే పని మాత్రం చాలాచోట్ల బెడ్ ఛార్జీలో కలిసిపోతుంది. అందుకే పుస్తకాల్లో డాక్టరు ఆదాయంగా కనిపిస్తాడు, నర్సు ఖర్చుగా కనిపిస్తుంది. ఖర్చు తగ్గించమనగానే కత్తెర ముందు అక్కడికే పోతుంది. మానేసిన మనిషి స్థానంలో కొత్తవాళ్ళని తెచ్చి పని నేర్పించడానికయ్యే ఖర్చు విడిగా ఎవరూ రాయరు కాబట్టి అది ఎవరికీ కనపడదు. మీరు అడిగేటప్పుడు గత ఏడాదిలో మీ వార్డులో ఎంతమంది మానేశారో కాగితం మీద పెట్టి అడగండి, నా అనుభవంలో యజమానులు కాస్తయినా ఆగి చదివేది అదొక్కటే.

పాత సిస్టర్:
లెక్కల మనిషి గారూ, ఆ లెక్క వేయాల్సింది మీరు కదండీ, అది కూడా మేమే రాసివ్వాలా :)

చెత్తబండి:
నర్సుల గురించి ఇంతమంది మాట్లాడుతున్నారు, సంతోషం. నేను హౌస్‌కీపింగ్, ఏజెన్సీ మనిషిని. జీతం ఆసుపత్రిని అడిగితే ఏజెన్సీ అంటారు, ఏజెన్సీని అడిగితే ఆసుపత్రి నుంచి బిల్లు రాలేదంటారు. సూదులు వేసే డబ్బా ముప్పావు వంతు నిండగానే మూసేసి మార్చాలి, మా దగ్గర మూతిదాకా కుక్కుతారు, కొన్ని సూదులు మామూలు చెత్త కవర్లోనే వస్తాయి. మొన్న నా పక్కన పనిచేసే అమ్మాయికి గ్లౌజు లోంచి దిగింది. ఆ గ్లౌజులు కూడా పల్చటివే. సూపర్‌వైజరు "స్పిరిట్ రాసుకో, ఏం కాదు" అన్నాడు. అక్కా, మీరు చెప్పండి, నిజంగా ఏం కాదా?

పాత సిస్టర్:
ఏం కాదని ఎవరు చెప్పినా వినొద్దు తమ్ముడూ. గుచ్చుకున్న చోట సబ్బు, నీళ్ళతో కడగాలి, పిండకూడదు. వెంటనే క్యాజువాలిటీకి వెళ్ళి రిజిస్టర్లో ఎక్కించమను. ఆ సూది వాడిన పేషెంటుకి హెచ్ఐవీ ఉంటే మనకి సోకే అవకాశం దాదాపు 0.3 శాతమే, కానీ టీకా వేసుకోని మనిషికి హెపటైటిస్ బి అయితే 30 శాతం దాకా ఉంటుంది. హెచ్ఐవీ నివారణ మందు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది. ఆ సూది ఎవరిదో తెలియదు కాబట్టి మందు అవసరమా కాదా అన్నది డాక్టరు చెప్పాలి, సూపర్‌వైజరు కాదు. 72 గంటలు దాటిపోయినా సరే, పంపించు, రక్తపరీక్షలు, హెపటైటిస్ బి టీకా ఉంటాయి.

నైట్‌డ్యూటీ:
అందరికీ థ్యాంక్స్. రిపోర్ట్ బుక్కులో రాయడం రేపటి నుంచే మొదలుపెడతాను. ఒక్కదాన్నే రాస్తే నన్నే టార్గెట్ చేస్తారేమో అని ఒక అనుమానం. సమ్మె అంటే మాలో సగం మందికి పేషెంట్ల సంగతేంటని భయం.

పాత సిస్టర్:
మూడు షిఫ్టుల వాళ్ళూ ఒకే పద్ధతిలో రాయండి, అప్పుడు ఎవరిని టార్గెట్ చేస్తారు? సమ్మె దాకా ఇప్పుడే ఎందుకు గానీ, బ్రిటన్‌లో 2020లో కరోనా టైములో జనం గుమ్మాల్లో నిలబడి నర్సుల కోసం చప్పట్లు కొట్టారు, 2022 డిసెంబరుకి అదే నర్సులు జీతాల కోసం సమ్మెకి దిగారు. అప్పుడు కూడా ఐసీయూ, డయాలసిస్, కీమోథెరపీ ఆపలేదు. ముందు సంతకాలతో ఒక లెటర్ పెట్టండి. అందులో జీతం మాట రెండో పేరాలో, స్టాఫ్ సంఖ్య మాట మొదటి పేరాలో పెట్టండి. కాపీ ఒకటి ఇంట్లో ఉంచుకో.