అప్‌డేట్: వాకౌట్‌కి పడిన సస్పెన్షన్, అమెరికా కాలేజీ అప్లికేషన్

స్కూల్ వాకౌట్‌లో పాల్గొని ఒక రోజు సస్పెండైతే అమెరికా అడ్మిషన్ దెబ్బతింటుందా అని అడిగాను కదా, తేలిన సంగతులివి.

కామన్ యాప్ (చాలా అమెరికా కాలేజీలకు ఒకే చోట అప్లై చేసే ఆన్‌లైన్ ఫారం) 2021-22 నుంచి అందరికీ ఉమ్మడిగా ఉండే, స్కూల్లో శిక్ష పడిందా అనే క్రమశిక్షణ ప్రశ్నను తీసేసింది. కాలేజీలు మాత్రం తమ సొంత ప్రశ్నల్లో అడగొచ్చు, కాబట్టి ఆ పేజీలు ఒక్కొక్కటీ తెరిచి చూడాల్సిందే. అడిగితే దాచొద్దు: తేదీ, కారణం, శిక్ష, మూడు వాక్యాల్లో. మీ గురించి కాలేజీకి స్కూల్ కౌన్సెలర్ రాసేది ఇంకోలా ఉంటేనే అసలు చిక్కు. పంపేముందే ఆయనతో సరిచూసుకోండి.

2018లో ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్ స్కూల్లో జరిగిన కాల్పుల తర్వాత విద్యార్థులు వాకౌట్లు చేసినప్పుడు ఎంఐటీ, యేల్ వంటి కాలేజీలు శాంతియుత నిరసనకు పడిన శిక్ష అడ్మిషన్‌కి అడ్డు కాదని బాహాటంగా చెప్పాయి. అది ఆనాటి సందర్భానికి ఇచ్చిన మాట, ఇప్పటికీ వర్తిస్తుందనుకోకండి.

ఇక అప్లికేషన్‌లో చదువు కాక చేసిన పనులు రాసే యాక్టివిటీస్ భాగంలో 10 గడులు, ఒక్కో వివరణకు 150 అక్షరాలే. ‘న్యాయం కోసం పోరాడాను’ అంటే ఆ చోటు వృథా. ‘ఓటరు నమోదు, 12 శనివారాలు, 5 మంది జట్టు, 140 ఫారాలు’ అంటే పని కంటికి కనబడుతుంది.

అప్లికేషన్‌లో రాసే 650 పదాల వ్యాసంలో నినాదాలొద్దు. ఎదుటివాళ్ల అభ్యంతరం విన్న ఒక్క సంఘటన చాలు. చదివేవాళ్లకి నచ్చదేమోనని పక్షమే దాచెయ్యడం మాత్రం నాకు సరికాదనిపిస్తుంది.