మోదుగ పువ్వుకి ఏ నారింజ? పాత పుస్తకాల బొమ్మలు చేత్తో ఎత్తిరాసేవాళ్ళు చెప్పండి

మండపేట_మేనకోడలు
అందరికీ నమస్కారమండి. మా డాక్టరుగారు క్లినిక్‌లో పెట్టుకోడానికి రాక్స్‌బర్గ్ దొర కోరమాండల్ తీరం మొక్కల పుస్తకంలోంచి మూడు బొమ్మలు అడిగారు: మోదుగ, తాడి, చిరివేరు. ప్రింటు వద్దట, చేత్తో వేసిందే కావాలట. మోదుగ సగమైంది. ఈ వానలకి పేపరు అలలు తేలుతోంది, ఏం చేయాలి? పువ్వుకి ఏ నారింజ? బొమ్మకి ఎంత అడగొచ్చు?

సామర్లకోట_గేటు
రాక్స్‌బర్గ్ పేరెత్తి మా ఊరి పేరెత్తకపోతే ఎలాగండి! 1781లో వచ్చాడు, 1793లో కలకత్తా బొటానికల్ తోటకి వెళ్ళాడు. మధ్యలో మా సామర్లకోటలోనే మకాం. ఆయనా డాక్టరే, మీ డాక్టరుగారికి చెప్పండి, మురిసిపోతారు. ఇక్కడి చిత్రకారుల చేత మొక్కలు గీయించాడు. మూడు సంపుటాలు, 300 బొమ్మలు, 1795 నుంచి 1820 దాకా లండన్‌లో అచ్చయ్యాయి. దొర పేరు అందరికీ తెలుసు. గీసిన మనవాళ్ళ పేర్లు ఎవరైనా ఒక్కటి చెప్పండి చూద్దాం.

కుంచె_బాబాయ్
31 ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నా, కాబట్టి వినండి. 300 జీఎస్‌ఎం మందపాటి కాటన్ పేపరు, ముందు తడిపి బోర్డుకి నాలుగు వైపులా గమ్ టేపు. పువ్వుకి క్యాడ్మియం ఆరెంజ్, నీడకి కాస్త బర్న్‌ట్ సియెన్నా. స్కాన్‌లో ఎలా ఉంటే అలా. సొంత తెలివి వద్దు. ఎత్తిరాత అంటే ఎత్తిరాతే.

మెట్ట_మనిషి
ఏ స్కాన్ బాబాయ్? ఆ పుస్తకంలో రాగిరేకు మీంచి అచ్చయింది గీత ఒక్కటే. రంగు ప్రతి కాపీకీ విడిగా మనుషులు కూర్చుని వేశారు. రెండు కాపీలు ఒకేలా ఉండాలని ఎక్కడుంది? పైగా రెండు వందల ఏళ్ళు గడిచాయి. మీరు ఎత్తిరాసేది పువ్వునా, వెలిసిపోయిన పువ్వునా?

కుంచె_బాబాయ్
కస్టమరు అడిగింది పుస్తకంలో బొమ్మ. చెట్టు కాదు.

మెట్ట_మనిషి
చెట్టు చూడకుండా వేస్తే తెలిసిపోతుంది. ఫాల్గుణంలో మా పొలం గట్టుకి రండి, చూపిస్తా. పువ్వు రేకు బయట సన్నటి నూగు ఉంటుంది, ఎండలో వెండిపూత పూసినట్టు కనిపిస్తుంది. అడుగున గిన్నె దాదాపు నలుపు, మఖమల్‌లా ఉంటుంది. క్యాడ్మియం డబ్బాలోంచి తీసి పులిమితే అది ప్లాస్టిక్ పువ్వే.

కోనసీమ_అక్క
మా వైపు మోదుగ ఎక్కడుందండీ, విస్తరాకులు కూడా మెట్ట నుంచే రావాలి. పేపరు సంగతి చెప్తా. గమ్ టేపు శ్రావణంలో నిలవదు, రాత్రికి రాత్రే లేచిపోతుంది. నేను పేపరు అంచులు బోర్డు వెనక్కి మడిచి స్టేపుల్ కొడతాను. ఫ్రేములో అద్దానికీ బొమ్మకీ మధ్య సందు ఉండి తీరాలి. 1996 నవంబరు తుఫాను తర్వాత మా నాన్నగారి బొమ్మలు పదకొండు అద్దానికి అతుక్కుపోయాయి. పీకితే రంగు అద్దం మీద, తెల్ల కాయితం మా చేతిలో. ఆయన మళ్ళీ కుంచె పట్టలేదు.

యానాం_గాలి
ఇదంతా ఎందుకండి, టీ డికాషన్‌లో ముంచితే పేపరు పాతదైపోతుంది. నేను అలాగే చేస్తా. కాఫీ అయితే వాసన ఉండిపోతుంది.

మెట్ట_మనిషి
టీ పట్టించి "పురాతన చిత్రం" అని అమ్మేది మీలాంటోళ్ళేనా? మా బావగారు అమెరికా నుంచి వచ్చి ఒకచోట పద్దెనిమిది వేలు పోసి కొన్నాడు. వేలితో తడిమి చూశా, రాగిరేకు ఒత్తిన పల్లం అంచు ఎక్కడా లేదు. పాత అచ్చుకి ఆ గుర్తు మామూలుగా ఉంటుంది.

యానాం_గాలి
మాటలు జాగ్రత్త. వెనకాల "చేతి నకలు" అని నా సంతకం, సంవత్సరం రాసే ఇస్తా. మీ బావగారికి కళ్ళు లేకపోతే నాకేం సంబంధం?

పాత_చందమామ
గొడవలొద్దు బాబూ. చందమామ పత్రికకి వ.పా. వేసిన ముఖచిత్రాలు ఎత్తిరాసి అమ్మొచ్చా?

కుంచె_బాబాయ్
కుదరదు. వడ్డాది పాపయ్యగారు పోయింది 1992లో. మన చట్టం ప్రకారం చిత్రకారుడు పోయాక 60 ఏళ్ళు. 2052 దాకా హక్కుదారులను అడగాల్సిందే. రాక్స్‌బర్గ్‌కి ఆ టెన్షన్ లేదు.

పాత_చందమామ
మరి సంతలో కుప్పలుగా అమ్ముతున్నారు?

సామర్లకోట_గేటు
సంతలో గోదావరి పులస పేరుతో సముద్రపు ఇలస కూడా అమ్ముతారు.

కోనసీమ_అక్క
ఆయ్, అది నిజం. పోయిన ఏడు నాకూ అంటగట్టారు.

పేట_అద్దకం
చిరివేరు గురించి ఒక్కరూ మాట్లాడలేదు. మా తాతల కాలంలో గుడ్డకి ఎరుపు ఆ వేరు నుంచే వచ్చేది. పుస్తకంలో అది మూడో బొమ్మ, వేరుతో సహా ఉండాలి. మేనకోడలుగారూ, ఆకు ఎంత బాగా వేసినా వేరు సన్నగా గీసి వదిలేస్తే ఆ బొమ్మ దండగ. జనం తవ్వింది దాని కోసమే.

కుంచె_బాబాయ్
ఇంకో ముక్క. పాత ఆకుపచ్చల్లో కలిపిన పసుపు గాంబోజ్ (చెట్టు జిగురుతో చేసే రంగు) అయితే, వెలుతురుకి అది ఎగిరిపోయి ఆకు నీలంగా తేలుతుంది. స్కాన్‌లో ఆకు నీలంగా కనిపిస్తే అలాగే వేయకండి.

మెట్ట_మనిషి
ఇందాక సొంత తెలివి వద్దన్నది ఎవరో?

కుంచె_బాబాయ్
ఆకు వేరు, పువ్వు వేరు. 31 ఏళ్ళ అనుభవం మాట్లాడుతోంది.

మెట్ట_మనిషి
సరే, 31 ఏళ్ళకి ఒక దండం.

మండపేట_మేనకోడలు
మోదుగ పూర్తయిందండి. అక్క చెప్పినట్టే స్టేపుల్ కొట్టా, అలలు పోయాయి. గిన్నె నల్లగా వేశా, నూగు కోసం పొడి కుంచెతో తెలుపు గీరాను. డాక్టరుగారు చూసి, కింద లాటిన్ పేరు తీసేసి తెలుగులో "మోదుగ" అని రాయమన్నారు. రాక్స్‌బర్గ్ కూడా తెలుగు పేర్లు రాసుకున్నాడు కాబట్టి ఒప్పుకున్నా. బొమ్మకి ఎంత అడగాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. నాలుగువేలు అనేశా. తక్కువేనా?

యానాం_గాలి
ఒక్క తాటిగెల నీడలకే నాలుగువేలు అవుతాయమ్మా. ఎందుకు అనేశావు!