నెహెమ్యాను నాయకత్వ పాఠంగా చెప్పొచ్చా, చెప్పకూడదా?

ఒంగోలు యువజన కార్యదర్శి

అందరికీ వందనాలు. వచ్చే నెల మూడు శనివారాలు సంఘ పెద్దలకూ యువతకూ కలిపి తరగతులు పెడుతున్నాం. అంశం "నెహెమ్యా: నాయకుడికి ఉండాల్సిన ఏడు లక్షణాలు". పారసీక రాజు సెలవుతో వచ్చి, పడిపోయిన యెరూషలేము గోడను తిరిగి కట్టించిన యూదుల అధికారి ఆయన, పాత నిబంధనలో ఆయన పేరుతోనే పుస్తకం ఉంది. ప్రార్థన, ప్రణాళిక, పని పంపకం, ధైర్యం, న్యాయం, పట్టుదల, పని ముగించడం. కరపత్రం అచ్చుకు ఇవ్వబోతుంటే సంఘంలో ఒక పెద్దాయన అడ్డం చెప్పారు. భక్తుల్ని ఆఫీసు మేనేజర్లలా చూపిస్తే వాక్యం పలచనైపోతుందని ఆయన మాట. భక్తుల జీవితాల్లోంచి కాకపోతే ఇంకెక్కడ నేర్చుకుంటామని మిగతావాళ్లు. ఇక్కడ బాగా చదివినవాళ్లున్నారు కాబట్టి అడుగుతున్నా. ఈ పద్ధతి సరైనదేనా?

నెల్లూరు వాక్య విద్యార్థి

పెద్దాయన మాటలో పస ఉంది బ్రదర్. మీ ఏడు లక్షణాలూ నెహెమ్యా గ్రంథం 6:15 దగ్గర, అంటే యూదుల ఎలూలు మాసం ఇరవై అయిదో రోజున, 52 రోజులకు గోడ పూర్తయిన చోట పుస్తకం మూసేస్తేనే నిలబడతాయి. ఆ తర్వాత ఇంకా ఏడు అధ్యాయాలున్నాయి. 10లో జనమంతా నిబంధన చేసుకున్నారు. అన్యులతో వియ్యమందం, విశ్రాంతి దినాన సరుకు కొనం, మన దేవుని మందిరాన్ని విడిచిపెట్టం అని ప్రమాణం. దానికి ముద్ర వేసినవాళ్లలో మొదటి పేరే నెహెమ్యాది. 13కు వచ్చేసరికి ఏమైంది? మందిర సేవ చేసే లేవీయులకు రావాల్సిన భాగాలు అందక వాళ్లు పొలాలకు వెళ్లిపోయారు. విశ్రాంతి దినాన ద్రాక్షగానుగ తొక్కుతున్నారు, తూరు పట్టణంవాళ్లు చేపలు తెచ్చి అమ్ముతున్నారు. వియ్యాలు కూడా అందారు. చేసిన మూడు ప్రమాణాలూ వరసగా పోయాయి.

అంత సమర్థుడైన నాయకుడు రాజు దగ్గరికి వెళ్లి వచ్చేలోగా జనం మళ్లీ మొదటికొచ్చారు. రాతిగోడ లేచింది గానీ హృదయం మారలేదని ఆ పుస్తకమే ఒప్పుకుంటోంది. క్రొత్త నిబంధన ఎందుకు అవసరమైందో అక్కడ కనబడుతుంది. ఆ సంగతి వదిలేసి "నెహెమ్యాలా ప్రణాళిక వేసుకోండి" అంటే పుస్తకం చెప్పేదొకటి, మనం చెప్పేదొకటి అవుతుంది.

కావలి సండేస్కూలు టీచరు

బ్రదర్, 13 వరకు చదవాలన్న మాటకు ఆమెన్. కానీ అందుకని పాఠమే తీసుకోకూడదంటే నేనొప్పుకోను. ఇశ్రాయేలీయులు అరణ్యంలో సణిగిన సంగతి చెప్పి, "ఈ సంగతులు దృష్టాంతములుగా వారికి సంభవించి" మనకు బుద్ధి కలగడానికి రాయబడ్డాయని పౌలే అన్నాడు కదా, 1 కొరింథీ 10లో. ప్రార్థన గురించి చెప్పేటప్పుడు యాకోబు ఏలీయాను తీసుకొచ్చి, ఆయన మనవంటి స్వభావం గలవాడే అన్నాడు. అపొస్తలులు చేసిన పని మనం చేస్తే తప్పెలా అవుతుంది?

తప్పు జరిగేది ఎక్కడంటే, భక్తుడు ఏం చేస్తే అదల్లా ఆజ్ఞ అనుకోవడంలో. గిద్యోను దేవుని గుర్తు కోసం గొర్రెబొచ్చు పరిచాడు కాబట్టి మనమూ గుర్తు అడుగుదాం అంటారు. న్యాయాధిపతులు 6లో దేవుడు ఆయనతో సూటిగా మాట్లాడేశాక, నమ్మకం చాలక అడిగిన గుర్తు అది. అదే గిద్యోను 8:27లో ఏఫోదు, అంటే యాజకులు తొడిగే వస్త్రం లాంటిది, చేయించి ఇంటివాళ్లకు ఉచ్చు తెచ్చుకున్నాడు. అది మాత్రం ఎవరూ చెప్పరు.

పిల్లలకు చెప్పినా పెద్దలకు చెప్పినా నేను ముందు చూసేది, ఆ పని బాగుందనో కాదనో వాక్యమే ఎక్కడైనా తీర్పు చెప్పిందా అని. చెప్పకపోతే ఆ పని ఫలితం ఏమైందో చూస్తా. ఆ తర్వాత సువార్తల్లో, పత్రికల్లో అదే మాట మళ్లీ వస్తోందా అని. మూడిట్లో ఒక్కటీ దొరక్కపోతే అది కథ వరకే, మన మీద ఆజ్ఞ కాదు.

చీమకుర్తి మందిర నిర్మాణ కమిటీ

వందనాలు. కట్టడం వైపు నుంచి ఒక మాట. ఈ 52 రోజుల లెక్క ఎంత చేటు చేస్తోందో చెప్పాలి. "నెహెమ్యా 52 రోజుల్లో ముగించాడు, మనం మందిరాన్ని క్రిస్మస్‌కు ప్రతిష్ఠించలేమా" అని వేదిక మీద అంటారు, ఆ ఒత్తిడి మేస్త్రీ మీద పడుతుంది. యెరూషలేము గోడకు పునాది పాతదే, రాళ్లు అక్కడే పడి ఉన్నాయి, కాలిన గుమ్మాలకు కలప మాత్రం రాజు అడవి నుంచి తెచ్చుకున్నారు. మనది సిమెంటు పని. మామూలు సిమెంటుకే కనీసం 7 రోజులు తడపాలి, బూడిద కలిసిన సిమెంటయితే 10 రోజులు. ఆరు మీటర్లు దాటిన బీముకు కింద సపోర్టులు 21 రోజులు కదిలించకూడదు. మందిరం హాలు మధ్యలో స్తంభాలు వద్దంటాం కాబట్టి మన బీములన్నీ ఆ కొలత దాటేవే. పండగ తేదీ కోసం పన్నెండో రోజున సెంట్రింగు విప్పితే బీము మధ్యలో వంగుతుంది, కింది వైపు పగులు ఇస్తుంది. అక్కడ నెహెమ్యా పేరు అడ్డుపెట్టుకోవడం న్యాయం కాదు.

అసలు నేర్చుకోవాల్సింది 2:11 నుంచి 16 వరకు ఉంది. వచ్చిన మూడు రోజుల దాకా నోరు విప్పలేదు. రాత్రిపూట కొద్దిమందితో, తానెక్కిన జంతువు తప్ప ఇంకొకటి లేకుండా, పడిపోయిన గోడ వెంట తిరిగాడు. రాజు కోనేటి దగ్గర ఆ జంతువు దాటడానికి కూడా సందు లేకపోతే వాగు వెంట పోయి చూశాడు. అంచనా వేశాకే జనంతో మాట్లాడాడు. మనం శంకుస్థాపన ముందు చేసి, మట్టి పరీక్ష తర్వాత చేయిస్తున్నాం. నల్లరేగడి నేలలో అలా చేస్తే తొలకరికి నేల ఉబ్బి గోడలు చీలుతాయి.

3వ అధ్యాయం పేర్ల పట్టీ అని దాటేస్తారు గానీ పని పంపకం మొత్తం అందులోనే ఉంది. ఎవరి ఇంటి ఎదుటి గోడ వాళ్లకే ఇచ్చాడు, గోడ నాసిగా ఉంటే మొదట ప్రమాదం వాళ్ల పిల్లలకే. కంసాలులున్నారు, అత్తరు చేసేవాళ్లున్నారు. షల్లూము తన కుమార్తెలతో కలిసి కట్టాడు. తెకోవ ఊరి పెద్దలు పనికి మెడ వంచలేదు, అయినా ఆ ఊరి సామాన్యులు తమ వంతు ముగించి రెండో భాగం కూడా ఎత్తుకున్నారు. చేయనివాళ్ల సంగతి ఒక్క వాక్యంలో రాసి ముందుకెళ్లాడు. కమిటీ మీటింగుల్లో మనం చందా ఇవ్వనివాళ్ల గురించే గంట మాట్లాడతాం.

సింగరాయకొండ సంఘ కార్యదర్శి

ఒంగోలు తమ్ముడూ, మీ ఏడిట్లో "న్యాయం" అని ఒక్క ముక్కలో పెట్టేశారు. 5వ అధ్యాయానికే ఒక శనివారం మొత్తం ఇవ్వండి. గోడ పని నడుస్తుండగా ఆడవాళ్లూ మగవాళ్లూ మొరపెట్టారు. ధాన్యం కోసం పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు తాకట్టు. రాజు పన్ను కట్టడానికి అప్పు. కూతుళ్లు కొందరు అప్పటికే దాస్యంలో ఉన్నారు. అప్పిచ్చింది శత్రువులు కాదు, సొంత సహోదరులు.

5:11లో తిరిగి ఇచ్చేయమన్న "నూరవ భాగం" నెలకు నూటికి ఒకటి అని చాలామంది వ్యాఖ్యాతలు లెక్క కట్టారు. అంటే మన భాషలో నూటికి రూపాయి వడ్డీ. మన పల్లెల్లో నూటికి రెండు, మూడు రూపాయలకు నోటు రాయించుకుని, ఆదివారం ఇద్దరూ ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకుంటున్నారు. రూపాయి వడ్డీకే నెహెమ్యా మహాసభ పిలిచి, యాజకుల్ని రప్పించి ప్రమాణం చేయించాడు. పొలాలూ ఇళ్లూ అప్పగించమన్నది "నేడే".

ఇంకో సంగతి ఎవరూ గమనించరు. 5:10లో నేనూ, నా బంధువులూ, నా దాసులూ కూడా వాళ్లకు అప్పిచ్చామని తన మీద వేసుకుని, తర్వాతే "ఈ వడ్డీ మానేద్దాం" అన్నాడు. ఆపైన తన అధికారి భత్యం 12 ఏళ్లు ముట్టలేదు, పొలం కొనలేదు. తన బల్ల దగ్గర మాత్రం రోజూ 150 మంది తిన్నారు. సంఘ పెద్ద తన ఇంటి అప్పుల పుస్తకం తెరవకుండా ఈ అధ్యాయం బోధించలేడు.

నెల్లూరు వాక్య విద్యార్థి

ఇది బాగుంది అన్నా. నేను కాదన్నది ఇలాంటి చదువుని కాదు, పైపై లక్షణాల పట్టీని. అయితే ఒక భయం. పాత్రల్ని ఆదర్శంగా పెట్టగానే నాయకుడు తనను ఆ పాత్ర స్థానంలో పెట్టుకుంటాడు. దశమభాగాల లెక్క అడిగితే "నేనభిషేకించినవారిని ముట్టకూడదు" అంటారు. దావీదు సౌలును తాకలేదు కదా అంటారు. దీనికేమంటారు?

సింగరాయకొండ సంఘ కార్యదర్శి

ఆ వచనం కీర్తన 105:15. పైన మూడు వచనాలు చదవండి. కొద్దిమందిగా, పరదేశులుగా దేశదేశాలు తిరిగిన అబ్రాహాము ఇస్సాకు యాకోబుల గురించి, వాళ్లను హింసించొద్దని రాజులకు చేసిన హెచ్చరిక అది. బలం లేనివాళ్లను కాపాడ్డానికి చెప్పిన మాటను బలం ఉన్నవాళ్లు కవచం చేసుకుంటున్నారు.

ఇక 1 సమూయేలు 24. దావీదు సౌలును చంపలేదు, నిజమే. కానీ గుహలోంచి బయటికొచ్చి, సౌలు వస్త్రం నుంచి కోసిన చెంగు చేత్తో పట్టుకుని, మూడు వేలమంది సైన్యంతో వచ్చిన రాజుతో "నీకూ నాకూ మధ్య యెహోవా న్యాయం తీర్చును గాక" అన్నాడు. మౌనంగా ఉండలేదు. తర్వాత రాజయ్యాక నాతాను ప్రవక్త ముఖం మీదే "ఆ మనుష్యుడవు నీవే" అంటే, ముట్టకూడదని దావీదు అనలేదు, పాపం చేశానన్నాడు. లెక్క అడగడం కత్తి ఎత్తడం కాదు.

లెక్కకు మాదిరి కావాలంటే ఎజ్రా 8 చూడండి. మందిరం కోసం తెస్తున్న వెండి బంగారాలు శాస్త్రి ఎజ్రా బయల్దేరేటప్పుడు పన్నెండుగురు యాజకుల చేతికి తూచి ఇచ్చాడు. నాలుగు నెలల ప్రయాణం. యెరూషలేములో నాలుగో రోజున వేరే మనుషులు, ఇద్దరు యాజకులూ ఇద్దరు లేవీయులూ, మళ్లీ తూచి, లెక్క పెట్టి, మొత్తం బరువు రాసుకున్నారు. ఇచ్చినప్పుడు ఒక తూకం, పుచ్చుకున్నప్పుడు ఒక తూకం, మనుషులు వేరు, రాత ఉంది. మన కానుకల సంచి విషయంలో ఎక్కడ తప్పుతుందంటే, లెక్కపెట్టేదీ, పుస్తకంలో రాసేదీ, బ్యాంకుకు తీసుకెళ్లేదీ ఒకే మనిషి. మనిషి మంచివాడే అయినా నింద తప్పదు.

ఆత్మకూరు పాస్టరు

సహోదరులారా, మన నేల మీద జరిగినదొకటి కలుపుతాను, 5వ అధ్యాయానికి దగ్గరది కాబట్టి. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకున్నారు. బోధకుల్నే పనిమీద అజమాయిషీకి పెట్టారు. కూలి, తిండి దొరికాయి. పనిలో ఉన్నవాళ్లు వందలమంది బాప్తిస్మం అడిగితే, కరువు సాయం నడిచినన్నాళ్లూ ఇవ్వకుండా ఆపారు. అన్నం కోసం వచ్చారా ప్రభువు కోసం వచ్చారా తేలాలని. సాయం ఆగాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. చేతిలో అన్నం ఉన్నవాడు దాన్ని అధికారంగా వాడకుండా ఉండటం, నెహెమ్యా భత్యం ముట్టకపోవడం, రెండూ ఒక కోవవే.

ఇక 13:25. యువత తప్పకుండా అడుగుతారు, ముందే సిద్ధపడండి. అన్యులతో వియ్యమందినవాళ్లను నెహెమ్యా తిట్టాడు, కొందరిని కొట్టాడు, తల వెంట్రుకలు పెరికాడు. ఇదే పాపం విన్నప్పుడు ఎజ్రా 9:3లో ఎజ్రా తన తల వెంట్రుకలు, తన గడ్డం వెంట్రుకలు పెరుక్కుని కూర్చున్నాడు. ఎజ్రా దగ్గర జనం తమంతట తామే ఏడుస్తూ పోగయ్యారు. వాక్యం నెహెమ్యాను అక్కడ మెచ్చుకోలేదు, తప్పనీ అనలేదు. కావలి అక్క చెప్పిన మూడో ప్రశ్న వేయండి. సంఘ అధ్యక్షుడు కొట్టేవాడై ఉండకూడదని 1 తిమోతి 3:3 తేల్చేసింది. హాస్టళ్లలో, సండేస్కూళ్లలో బెత్తం పట్టేవాళ్లు ఈ వచనం ఎత్తుకుంటారు గనక దాటవేయకండి.

ఒంగోలు యువజన కార్యదర్శి

అందరికీ కృతజ్ఞతలు. పెద్దాయనతో మాట్లాడాను, ఏడు లక్షణాల కరపత్రం ఆపేశాం. మొదటి శనివారం 1 నుంచి 4: యూదుల కిస్లేవు మాసం నుంచి నీసాను మాసం దాకా నాలుగు నెలల ప్రార్థన, రాత్రి తనిఖీ, పని పంపకం. రెండోది 5 ఒక్కటే, ఎజ్రా 8తో కలిపి. మూడోది 10, 13 ఎదురెదురుగా పెట్టి చదివిస్తాం. ఏదైనా తక్కువైందా?

కావలి సండేస్కూలు టీచరు

మూడో శనివారం 13:13 వదలొద్దు తమ్ముడూ. అంతా చెడిపోయి ఉన్నప్పుడు కూడా ఆయన ఖజానా మీద నమ్మకస్థులని పేరున్న నలుగుర్ని పెట్టాడు: ఒక యాజకుడు, ఒక శాస్త్రి, ఒక లేవీయుడు, వాళ్ల చేతికింద ఇంకొకరు. ఆ వచనం చదివాక సంఘాల వారీగా కూర్చోబెట్టి, తమ దగ్గర కానుకలు లెక్కపెట్టేది ఎందరో, సంతకాలు ఎన్నో రాయించండి. రశీదు పుస్తకాల నంబర్లు ముందే రాసి తెచ్చుకోమని ఈ వారమే కబురు పెట్టండి, ఆ రోజు అడిగితే ఎవరి దగ్గరా ఉండవు.