సమస్య: మందు మానఁగానె మత్తు గలిగె

నిర్వాహకుడు: పై పాదం చివర వచ్చేలా పద్యం పూరించాలి. ఈ వారం ఆటవెలది. విషయానికి మాత్రం కట్టడి ఉంది. సైన్స్ ఫిక్షన్ సినిమాలోని పాత్ర కావాలి, ఆందోళన తట్టుకోలేక ఆ పాత్ర చేసుకున్న సొంతవైద్యం పద్యంలో కనిపించాలి. కథ చెబితే చాలదు. ఆ మందు జోలికి పోకపోతే అతడు అలా ప్రవర్తించేవాడా అన్నది తేలాలి.

పొద్దుతిరుగుడు: ‘ఈక్విలిబ్రియం’ (2002), ప్రెస్టన్.

చేయి జారె సీస, చెదిరిపోయెను మందు
కిటికి పొరను చించి కెంపు వెలుఁగు
చూచి నిలిచిపోయె, సొగసు సోకిన యంత
మందు మానఁగానె మత్తు గలిగె

నిర్వాహకుడు: పూరణ సాఫీగా ఉంది. ‘సీస’ అంటే లోహమో ఛందస్సో అనిపిస్తుంది. ‘బుడ్డి’ అనండి, గణం చెడదు. అసలు చిక్కు వేరే ఉంది. సినిమాలోని లిబ్రియా రాజ్యంలో భావోద్వేగాలను అణిచే ప్రోజియం సర్కారు మందు. వేళకు మెడకు పొడుచుకోకపోతే నేరం. ప్రెస్టన్ ఆందోళనపడి దాన్ని ఎంచుకోలేదు. పద్యం నిలుస్తుంది, పోటీకి నిలవదు.

నల్లేరు: ‘మైనారిటీ రిపోర్ట్’ (2002), ఆండర్టన్.

కొడుకుఁ గూర్చి దిగులు గుండె నిండిన వాఁడు
పొగను పీల్చి రేలు పొద్దుపుచ్చు
హంత యన్నవాఁడె యగపడెఁ గోపాన
మందు మానఁగానె మత్తు గలిగె

గుమ్మటం: నల్లేరు గారూ, ‘హంత యన్నవాఁడె’ అన్న జాగ్రత్త బాగుంది. కొడుకును చంపానన్న ఆ మనిషి నిజంగా హంతకుడు కాడు కదా. ‘హంత’కు ‘యగపడె’తో వేసిన యతీ సరిపోయింది. కానీ కోపం దగ్గరే ఆగిపోయారు. తుపాకీ గురిపెట్టిన ఆండర్టన్ కాల్చకుండా, ఎదుటివాడికి చట్టం ఇచ్చిన హక్కులు వినిపిస్తాడు. మత్తు వదిలేది అక్కడే!

ఇంకొకటి. ఈత కొలనులో కొడుకుతో పందెం వేసి నీళ్ళలో ఊపిరి బిగబట్టాడు. తల పైకెత్తేసరికి పిల్లవాడు లేడు. ఆ తర్వాత రాత్రిపూట కొడుకు హోలోగ్రామ్ ముందు కూర్చొని న్యూరోయిన్ అనే మత్తుమందు పీల్చేది కూడా ఊపిరితోనే. హత్యలను ముందే పసిగట్టే విభాగాన్ని అంత మొండిగా ఎందుకు నమ్మాడో ఈ గది చూస్తే తెలుస్తుంది. పగలు ఉద్యోగం, రాత్రి మందు. రెండూ ఒకే గాయానికి. ‘పొద్దుపుచ్చు’ అనడంతో అది కాలక్షేపంలా తేలిపోయింది.

నల్లేరు: నాలుగు పాదాల్లో కొలనునూ ఇరికించమంటారా? ‘పొద్దుపుచ్చు’లో పొద్దు ఎంతకీ గడవదన్న బాధ లేదా? నేను మార్చను.

పగటిచుక్క: ‘చిల్డ్రన్ ఆఫ్ మెన్’ (2006), థీయో. బుడ్డి మాట పైనుంచి అరువు తెచ్చుకున్నాను.

శిశువు లేని జగతిఁ జింతిల్లు థీయోకు
జేబు బుడ్డి లోనె జీవితమ్ము
కరము లదియె కడిగెఁ గానుపు వేళలో
మందు మానఁగానె మత్తు గలిగె

గుమ్మటం: మూడో పాదానికి నమస్కారం! 2027 లండన్, పద్దెనిమిదేళ్ళుగా కాన్పు లేదు. లోకంలో అందరికంటే చిన్నవాడు చనిపోయాడన్న వార్తకు కాఫీ కొట్టులో జనం కళ్ళు తుడుచుకుంటుంటే థీయో కాఫీ కొనుక్కొని బయటికి వస్తాడు. కప్పులో మందు ఒంపుకుంటుంటే వెనక కొట్టు పేలిపోతుంది. మనిషి మొద్దుబారిపోయాడని దర్శకుడు మాటల్లో చెప్పడు, ఆ కప్పు చూపిస్తాడు. అతని కొడుకు ఎప్పుడో ఫ్లూతో పోయాడని మనకు తర్వాత తెలుస్తుంది. చివరికి కీ అనే అమ్మాయికి కాన్పు చేయడానికి అదే మందుతో చేతులు కడుక్కుంటాడు.

నిర్వాహకుడు: ఏ మత్తు కలిగిందో పద్యం చెప్పడం లేదు. సినిమా చూడనివారికి నాలుగో పాదం అతికినట్టు ఉండదు. మూడో పాదం ఇలా ఉంటే?

చేతు లదియె కడిగె, శిశువు రోదన తోడ

పగటిచుక్క: కానుపు పోయింది, బిడ్డ వచ్చింది! ఒప్పుకుంటున్నాను. ‘చేతు’కు ‘శిశువు’ యతి కూడా చక్కగా కుదిరింది.

పొద్దుతిరుగుడు: ఆ ఏడుపు విని సైనికులు కాల్పులు ఆపి దారి ఇస్తారు, బిడ్డ దాటగానే మళ్ళీ మొదలుపెడతారు. అది ఆటవెలదిలో ఇమడదు. సీసం రాసి సమస్య పాదాన్ని దాని కింద వచ్చే ఎత్తుగీతి చివర పెట్టవచ్చా?

నిర్వాహకుడు: నిరభ్యంతరంగా. ఈసారి సీసమే కాబట్టి ‘సీస’ అన్నా ఏమీ అనను.