కొన నలుపా, కోన నలుపా?

ప్రశ్న: “మెట్ట యెఱుపు పల్లము నలుపు కొన నలుపు”. ఉదయగిరి వైపు పెద్దల మాట. కొందరు “కోన నలుపు” అంటారు. కొన అంటే కొండ చివర, కోన అంటే కొండల నడుమ లోయ. ఏది సరి? ముందూ వెనకా ఎవరికైనా గుర్తుందా?

నెల్లూరు నుంచి: “కొన” అంటేనే తేటగీతి పద్యపాదం అవుతుంది. మెట్ట / యెఱుపుపల్ / లమునలు / పుకొన / నలుపు. దీర్ఘమిస్తే నాలుగో గణం జగణమైపోతుంది, అది అక్కడ చెల్లదు.

అద్దంకి నుంచి: గణాలు సరే, పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం జత కుదరాలి కదా, ఆ యతి ఏదండీ? ముకారానికైతే పు చెల్లుతుంది, మెకారానికి ఎలా? రెండో అక్షరాలు కలిసే ప్రాసయతీ లేదు. తిక్కన ఊళ్లో ఉండి దీన్ని పాదమంటారా! ఇది సామెత. సామెతకు గణాలు కట్టి దీర్ఘం కొట్టేయకూడదు.

ఉదయగిరి నుంచి: ఛందస్సు సరే, మట్టి చూడండి. వెలిగొండల్లో క్వార్ట్‌జైట్ రాయి ఎక్కువ. అరిగితే ఇసుక, గులక తప్ప బంక రాదు. ఉదయగిరి దుర్గం ఎత్తు సుమారు 3,000 అడుగులు. వెయ్యి మీటర్లకు ఆరు డిగ్రీల చొప్పున కింది కంటే అయిదారు డిగ్రీలే చల్లన. ఆకు చివికిపోకుండా ఆపడానికి అది చాలదు. ఎండాకాలం మంటలకు పోగా మిగిలిందాన్ని ఈశాన్య రుతుపవనాల వాన వాలు మీంచి తోసేస్తుంది. చేరేది కోనకే. పెంచలకోనలో, భైరవకోనలో వాగు పక్క చెట్ల కింద గుప్పెడు మట్టి తీసి చూడండి. కోనే సరి.

నెల్లూరు నుంచి: మాట వెలిగొండలదే అని ఎలా తేల్చారు? నీలగిరి చూడండి. దొడ్డబెట్ట 2,637 మీటర్లు. అడుగు మట్టి ఎరుపూ పసుపే, పైపొర మాత్రం నలుపు. చలికి సూక్ష్మజీవులు మందగిస్తాయి. ఆకూ గడ్డివేరూ పూర్తిగా కుళ్లవు, మట్టిలోని ఇనుము, అల్యూమినియం ఆ సారాన్ని పట్టి ఉంచుతాయి. కొండ మడతల్లోని పొట్టి షోలా అడవి కిందా, గడ్డి కిందా అంతే. అదీ కొన నలుపంటే.

అద్దంకి నుంచి: పల్లపు నలుపూ అదీ ఒకటి కావు. మా రేగడ తడిపి వేళ్ల మధ్య నొక్కితే పట్టీలా సాగుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. సున్నపు గుళ్లున్న చోట ఆమ్లం చుక్క వేస్తే పొంగుతుంది. కొండ కొన నల్లమట్టి తేలిక, పొడిపొడి. వానలకు సున్నం కడుక్కుపోయి పులిసిన నేల, పొంగదు. అడవి కొట్టి దున్నితే ఎండా గాలీ తగిలి కొన్నేళ్లలోనే నలుపు పల్చబడుతుంది; రేగడ నలుపు అంత త్వరగా పోదు. ఒకే మాటతో రెంటినీ ముడిపెట్టినవాడు కొండెక్కినవాడు కాదు.

ఒంగోలు నుంచి: అసలు మొదటి మాటే జారింది. “పుట్ట యెఱుపు” అనండి, పు–పు యతి అమరుతుంది. చెదలు అడుగునున్న ఎర్రబంకను పైకి తెచ్చి పుట్ట కడతాయి. ఎత్తుకు పోయేకొద్దీ చలికి చెదలు తగ్గుతాయి, అందుకే కొనన ఆకు మిగిలి నలుపెక్కుతుంది. ఎర్రన పుట్టిన సీమలో ఎరుపుతోనే పాదం ఎత్తుకోవాలి మరి.

ఉదయగిరి నుంచి: పుట్టకు ఎదురుమాట పల్లం ఎలా అవుతుందండీ? మెట్టా పల్లమూ జంట. యతి కోసం జంట విడగొడతారా?

ఒంగోలు నుంచి: రేగడలో పుట్టలు తక్కువ. నేల ఉబ్బుతూ పిగులుతూ ఉంటే గూడు నిలవదు. అందుకే పుట్టా పల్లమూ ఎదురెదురు.

అద్దంకి నుంచి: అలాగైతే మిగతా మూడు పాదాలు చెప్పండి.